జోడు కాగితాలు

జిగురు కలిపే గరిటె ఒకే దిక్కుగా తిరగాలి. దిక్కు మారితే ఉండ కడుతుంది. ఉండ కట్టిన జిగురు రాసిన చోట కాగితం ఎండాక పైకి లేస్తుంది. లేచిన చోటును పిల్లలు గోటితో గిల్లుతారు. గిల్లిన చోటు నుంచే పుస్తకం పాడవడం మొదలవుతుంది. గ్రంథాలయం కింది గదిలో చిన్న కరెంటు పొయ్యి ముందు నిలబడి గరిటె తిప్పుతున్న ఆమెకు ఈ వరుసంతా ముప్ఫై ఒక్కేళ్ళుగా కంఠతా వచ్చు. అందుకే తలుపు దగ్గర ఎవరో "అమ్మా" అని పిలిచినా తిరిగి చూడలేదు. జిగురు గరిటె నుంచి తెగకుండా దారంలా జారడం మొదలయ్యాక పొయ్యి ఆపి, గిన్నె దించి, అప్పుడు తిరిగింది.

ఆఫీసు గుమాస్తా.

"మేడమ్ గుర్తు చెయ్యమన్నారు. ఆ నలభై మూడు పుస్తకాల సంగతీ సాయంత్రం అయిదులోపల తేల్చెయ్యాలట. సోమవారం తనిఖీ కదా."

"గుర్తుంది నాయనా."

"ఇంకోటి. మీ వీడ్కోలు సభ నిజంగా వద్దా? కనీసం నాలుగు మాటలు..."

"వద్దు. నా గురించి మాట్లాడుతుంటే నేను ఎటు చూస్తూ కూర్చోవాలో నాకు తెలీదు. పైగా నువ్వు మొదలుపెడితే నాలుగుతో ఆపవు."

గుమాస్తా నవ్వుకుంటూ మెట్లెక్కాడు. ఆమె గిన్నె మీద తడిగుడ్డ కప్పింది.

పొట్టి మనిషి. వంగి పని చేసిన ఏళ్ళన్నీ మెడ కింద ఒక చిన్న గుట్టగా చేరాయి కానీ, నిలబడినప్పుడు మాత్రం నిటారుగానే నిలబడుతుంది. కుడిచేతి చూపుడువేలి మీద దారం లాగి లాగి ఏర్పడిన గాడి ఉంది. సూది పోట్లకు బండబారిన బొటనవేలు వేడి గిన్నెను గుడ్డ లేకుండానే పట్టుకోగలదు. కళ్ళజోడు కాడకు అతుకు వేసింది కూడా బైండింగ్ దారంతోనే. పెద్దలు ఆమెను బైండరమ్మ అంటారు. పిల్లలకు మాత్రం అట్టలత్తయ్య.

ఆ సాయంత్రం అయిదింటికి అట్టలత్తయ్య ఉద్యోగం ముగుస్తుంది. ఆ సంగతి ఆఫీసుకు తెలుసు, ఇంట్లో తెలుసు. పిల్లలకు తెలియదు. చెప్పాలని ఆమె అనుకోలేదు. పుస్తకం బాగుపడి అరలోకి వచ్చినప్పుడు ఎవరు బాగుచేశారని పిల్లలు అడగరు, అడగకుండా చదువుకుంటారు. అలాగే వెళ్ళిపోవడం మర్యాద అని ఆమె ఉద్దేశం.

పొద్దున బయలుదేరేటప్పుడు భర్త గుమ్మం దగ్గర అడ్డం నిలబడ్డాడు. ఆయన బస్సు కండక్టరుగా చేసి రెండేళ్ళ కిందట విరమించాడు. ఎవరు ఎక్కడ దిగుతారో ముందే కనిపెట్టే అలవాటు ఇంకా పోలేదు.

"ముప్ఫై ఒక్కేళ్ళు పుస్తకాల మధ్యన కూర్చున్నావు. నాకు ఒక్క కథ చెప్పావుటే ఎప్పుడైనా?"

"చదివితే కదండీ చెప్పడానికి."

"ఎవరైనా వింటే నవ్విపోతారు."

"మీరు అన్నేళ్ళు బస్సులో తిరిగారు. ఎన్ని ఊళ్ళు చూశారేంటి?"

"బస్‌స్టాండులు చూశాను," అని ఒప్పుకున్నాడు.

చదవకపోవడం చదువు రాక కాదు. ఎనిమిదో తరగతి దాకా చదివింది. కుట్టుపని చేసే దర్జీ కూతురు కాబట్టి సూది పట్టడం పుట్టింట్లోనే వచ్చింది. సూది పట్టడం వచ్చు కాబట్టి గ్రంథాలయంలో బైండింగ్ మేస్త్రికి సహాయకురాలిగా తీసుకున్నారు. చేరిన మొదటి నెలలో ఒక పుస్తకం కుడుతూ, తెరిచి ఉన్న పేజీలో ఒక వాక్యం చదివింది. తరువాత ఏమైందో తెలుసుకోవాలని ఇంకొకటి చదివింది. ఆ ధ్యాసలో ఒక ఫారాన్ని, అంటే మడిచి కుట్టే పదహారు పేజీల కట్టను, తలకిందులుగా కుట్టేసింది. మేస్త్రి ముసలివాడు, మాట కరుకు. "అక్షరం చూస్తే చెయ్యి ఆగిపోతుంది. అంకె చూడు. అంకె వరుసలో ఉంటే పుస్తకం వరుసలో ఉన్నట్టే," అన్నాడు. ఆ రోజు నుంచి ఆమె చూపు పేజీ మూలనున్న అంకె మీద తప్ప మరెక్కడా నిలవలేదు. వేల పుస్తకాలు ఆమె చేతుల మీదుగా వెళ్ళాయి, ఒకటి, రెండు, మూడు, నాలుగు అని. ఇంటికి వెళితే మంచం పట్టిన అత్తగారు, బడికెళ్ళే కూతురు, వంట. చదవని రోజులు చదవని ఏళ్ళుగా మారడానికి ప్రత్యేకంగా ఏమీ జరగనక్కర్లేదు.

అయితే అంకె లేని పేజీలు కొన్ని ఉన్నాయి. వాటిని మాత్రం ఆమె చదివింది. వాటి కథ మేస్త్రి తిట్టిన మరొక తప్పుతో మొదలైంది.

పిల్లల పుస్తకాల్లో ముందు ఊడేవి చివరి కాగితాలు. కథ ముగింపు కోసం వాటినే ఎక్కువగా లాగుతారు కనుక. అలా ఊడిన విడి కాగితాలను ఒకదాని వెనుక ఒకటి జిగురుతో అంటించడం మేస్త్రి పద్ధతి. సహాయకురాలికి అది తెలియదు. ఒకసారి మేస్త్రి సెలవులో ఉండగా ఒక పుస్తకం వచ్చింది: గడియారాలు బాగుచేసేవాడి కథ. చివరి నాలుగు కాగితాలూ విడివిడిగా ఉన్నాయి. విడి గుడ్డముక్కను కుట్టు ఎలా పట్టుకుంటుంది? దానికి ఇంకో ముక్క జోడు కావాలి. దర్జీ కూతురు అలాగే ఆలోచించింది. ఒక్కొక్క విడి కాగితానికీ ఒక్కొక్క తెల్ల కాగితాన్ని సన్నని పట్టీతో జోడించి, నడిమికి మడిచి, ఒకదానిలో ఒకటి దూర్చి, మడత మధ్యలో దారం వేసి కుట్టింది. అంటే ఆ ఆఖరి కట్టలో ముందు సగం కథ, వెనుక సగం ఖాళీ. కథ అయిపోయాక నాలుగు తెల్ల కాగితాలు మిగిలాయి.

మేస్త్రి వచ్చి చూసి నెత్తి కొట్టుకున్నాడు. "పుస్తకానికి తోక పెట్టావు కదే! ఎవరి కోసం ఈ ఖాళీ కాగితాలు?" అన్నాడు. విప్పమందామని పుస్తకాన్ని వెనక్కీ ముందుకీ వంచి చూశాడు. కుట్టు కదలలేదు. ఇంకా గట్టిగా వంచాడు. తరువాత ఏమీ అనకుండా దాన్ని బాగైన పుస్తకాల వరుసలో పెట్టాడు. ఆయన మెచ్చుకోవడం అదే.

ఎవరి కోసమన్న ప్రశ్నకు జవాబు మూడు నెలల తరువాత వచ్చింది. ఆ పుస్తకం అట్ట మూల నలిగి కింది గదికి తిరిగి వచ్చినప్పుడు, మొదటి తెల్ల పేజీ మీద నీలం సిరాతో ఇలా ఉంది: 'కథ బాగుంది. కానీ గడియారాల మనిషి ఎవరికీ చెప్పకుండా ఊరు వదిలి వెళ్ళిపోవడం తప్పు. తొమ్మిదేళ్ళు.' పేరు రాస్తే పట్టుబడతానని ఆ పిల్ల వయసు మాత్రమే రాసింది. తరువాత రాసినవాళ్ళందరూ పద్ధతి అదే కాబోలు అనుకున్నారు. ఒక భయం అలా సంప్రదాయమైంది.

రెండేళ్ళకు దాని కింద వేరే చేతిరాత: 'చెబితే వెళ్ళనివ్వరు. అందుకే చెప్పలేదు. పన్నెండేళ్ళు.' ఇంకో అయిదేళ్ళకు: 'వెళ్ళనివ్వరని నీకెలా తెలుసు? అడిగి చూడాల్సింది. పదేళ్ళు.' ఆ తరువాత, అక్షరాలన్నీ కుడివైపుకు వాలిన రాత: 'పై ముగ్గురూ కథ సరిగ్గా చదవలేదు. వెళ్ళే ముందు ఊళ్ళో గడియారాలన్నిటికీ కీ ఇచ్చి వెళ్ళాడు. చెప్పడమంటే అదే. పదకొండేళ్ళు.'

ఒకరినొకరు ఎన్నడూ చూడని పిల్లలు, పెద్దవాళ్ళయి ఎక్కడెక్కడో స్థిరపడ్డవాళ్ళు కూడా, ఆ నాలుగు కాగితాల మీద ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. మేస్త్రి పోయాక కింది గది ఆమెదైంది. చివరి కాగితాలూడిన ప్రతి పిల్లల పుస్తకానికీ ఆమె అలాగే నాలుగేసి జోడు కాగితాలు కుట్టింది. ఏ పుస్తకంలో ఏ పిల్ల ఎవరి మీద కోప్పడిందో ఆమెకు తెలుసు. పుస్తకాలను ఆమె చదవలేదు. పుస్తకాల గురించి పిల్లలు ఏమనుకున్నారో అదంతా చదివింది. తన కుట్టు మధ్యలో ఇంతమంది కూర్చుని మాట్లాడుకుంటున్నారన్న గర్వం ఆమెకుంది. ఎవరితోనూ చెప్పుకోలేదు. కుట్టు వదులు కాకుండా చూసుకుంది.

ఇప్పుడు ఆ నలభై మూడు పుస్తకాలూ బల్ల మీద మూడు వరుసలుగా ఉన్నాయి. రెండు నెలల కిందట వచ్చిన కొత్త గ్రంథపాలకురాలు వాటిని ఒక్కొక్కటిగా తెరిచి చూసి ఆదేశం రాసింది: రాతలున్న కాగితాలు కోసి తీసివేయవలెను, వీలుకాని పక్షంలో పుస్తకాన్ని రద్దు జాబితాలో చేర్చవలెను. రద్దయిన పుస్తకం గుజ్జుకు వెళుతుంది.

వారం రోజులుగా కత్తి ఒరలోంచి బయటికి రాలేదు. ఆ వారమంతా ఆమె కొత్త సభ్యత్వ కార్డుల కోసం అట్టను మడిచి జేబులు అంటిస్తూ కూర్చుంది. ఆ పని వచ్చే నెలకైనా చేయవచ్చునని ఆమెకు బాగా తెలుసు.

పదకొండింటికి గ్రంథపాలకురాలే మెట్లు దిగి వచ్చింది. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. వంకరగా ఉన్నదేదైనా కనబడితే సర్దకుండా ఉండలేని మనిషి; లోపలికి వస్తూనే బల్ల మీది స్కేలును అంచుకు సమంగా జరిపింది. తరువాత మూడు వరుసల వైపు చూసింది.

"ఒక్కటీ మొదలుపెట్టలేదా అమ్మా?"

"లేదు మేడమ్. ఒకసారి ఇలా కూర్చోండి."

ఆమె గడియారాల పుస్తకాన్ని తీసి, చివరి కట్ట మధ్యలో దారం కనబడేలా తెరిచి, గ్రంథపాలకురాలి ముందు పెట్టింది.

"ఈ తెల్ల కాగితాన్ని పట్టుకుని కొంచెం లాగండి. భయపడకండి, ఊడదు."

గ్రంథపాలకురాలు రెండు వేళ్ళతో లాగింది. మడతకు అవతలి వైపు, అచ్చు కాగితమొకటి దానంతటదే కదిలింది.

"ఇంకోటి లాగండి."

ఇంకో అచ్చు కాగితం కదిలింది.

"ఇవి జోడు కాగితాలు మేడమ్. దీన్ని కోస్తే అది ఊడిపోతుంది. నాలుగూ కోస్తే కథలో ఆఖరి ఎనిమిది పేజీలు పోతాయి. గడియారాల మనిషి ఇక ఊరు వదిలి వెళ్ళడు. అక్కడే కూర్చుంటాడు."

గ్రంథపాలకురాలి పెదవి చివర నవ్వు వచ్చి ఆగింది. "రాతలున్నవి తీసేసి, వాటి చోట కొత్త తెల్ల కాగితాలు కుట్టలేరా?"

ప్రశ్న సరైనదే. ఆమె దానికోసం వారం రోజులుగా ఎదురుచూస్తూనే ఉంది. సూదిపోటు మీద సూదిపోటు పడితే అంచు చిరుగుతుందని చెప్పవచ్చు. సగం నిజమే అవుతుంది. సమయం లేదని చెప్పవచ్చు; అదీ నిజమే.

"కుట్టగలను మేడమ్," అంది. "నెల పడుతుంది, నాకు సాయంత్రం దాకానే ఉంది, అది వేరే సంగతి. నెలంతా ఉన్నా చెయ్యను. చేతకాదని అబద్ధం చెప్పను. చెయ్యను."

ముప్ఫై ఒక్కేళ్ళలో ఆ మాట ఆ గదిలో వినబడటం అదే మొదలు. పలికిన మనిషికే కొత్తగా ఉండి, ఒక చేత్తో బల్ల అంచు పట్టుకుంది.

గ్రంథపాలకురాలికి కోపం రాలేదు. కోపం వస్తే నయమయ్యేది. "నాకూ కష్టంగానే ఉందమ్మా. కానీ పుస్తకం మీద రాతలుంటే అది పాడైన పుస్తకం కింద లెక్క. నిబంధన నేను రాసింది కాదు. వీటిని ట్రాలీలో పైకి పంపండి. జాబితా రాయిస్తాను." లేచి, మెట్ల దగ్గర ఆగింది. "మూడింటికి పిల్లల సభ కదా? నేనింతవరకు రాలేదు. ఇవాళ వస్తాను."

మధ్యాహ్నం ఆమె అన్నం డబ్బా తెరిచి, రెండు ముద్దలు తిని మూసేసింది. మిగిలిన జిగురుతో ఇంకో ముప్ఫై కార్డులకు జేబులు అంటించింది. ఖాళీగా ఉన్న చేతులను ఏం చేసుకోవాలో ఆమెకు ఎప్పుడూ తెలియలేదు.

ప్రతి శనివారం మూడింటికి పై గదిలో పిల్లలు గుండ్రంగా కూర్చుని, ఆ వారం చదివిన పుస్తకం గురించి ఒక్కొక్కరే చెబుతారు. పెద్దలెవరూ మధ్యలో మాట్లాడకూడదని నియమం. అది కూడా పిల్లలు పెట్టిందే. చిరిగిన పుస్తకాలు ఏరుకోవడానికన్న సాకుతో ఆమె తలుపు దగ్గర నిలబడి వింటుంది. ఇవాళ పక్కన ట్రాలీ ఉంది, ట్రాలీలో నలభై మూడు పుస్తకాలు. గుమాస్తా ఒక మూల కూర్చుని జాబితాలో ఒక్కొక్క పుస్తకం సంఖ్య ఎక్కిస్తున్నాడు. గ్రంథపాలకురాలు పిల్లల కుర్చీలో, మోకాళ్ళు దాదాపు గడ్డానికి తగిలేటట్టు కూర్చుంది.

మొదట లేచింది పదకొండేళ్ళ కుర్రాడు. వాడికి 'బాగోలేదు' అని పేరు పడిపోయింది. ఆ సభలో ఇంతవరకు పదహారు పుస్తకాల గురించి మాట్లాడాడు, పదహారూ బాగోలేదన్నాడు.

"నేను దొంగ కథ చదివాను. బాగోలేదు."

అందరూ నవ్వారు. ఎదురుగా కూర్చున్న పదేళ్ళ పిల్ల చెయ్యెత్తింది. ఆ పిల్ల ఏది మొదలుపెట్టినా 'నాకో అనుమానం' అంటుంది కనుక తన పేరే అనుమానం అయిపోయింది.

"నాకో అనుమానం. ఎందుకు బాగోలేదు?"

"దొంగ దొరికిపోతాడని మొదటి పేజీలోనే తెలిసిపోయింది."

"అయితే అక్కడే మానెయ్యొచ్చుగా?"

"దొరకడేమోనని చదివాను."

"దొరికాడా?"

"దొరికాడు. అదే చెప్తున్నా, బాగోలేదని. అనుమానమొచ్చి రెండోసారి కూడా చదివాను. అప్పుడూ దొరికాడు."

తలుపు దగ్గర అట్టలత్తయ్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నచ్చని పుస్తకాన్ని రెండుసార్లు ఆఖరిదాకా చదివేవాడికి మించిన పాఠకుడు ఉంటాడా అని ఆమెకు ఎప్పుడూ అనిపిస్తుంది.

తరువాత అనుమానం లేచింది. "నేను గడియారాల కథ చదివాను. పోయిన వారమే తిరిగిచ్చేశాను, మళ్ళీ చూద్దామంటే అరలో లేదు." చుట్టూ చూసి ట్రాలీలో దాన్ని కనిపెట్టి, వెళ్ళి తీసుకుంది. "దీని వెనక నలుగురు రాశారు. ముందు వాళ్ళవి చదువుతాను, తర్వాత నాది చెప్తాను. ఎందుకంటే నాది వాళ్ళకి జవాబు."

ఒక్కొక్కటే చదివింది. తొమ్మిదేళ్ళు, పన్నెండేళ్ళు, పదేళ్ళు, పదకొండేళ్ళు. జాబితా రాస్తున్న గుమాస్తా కలం ఆపాడు.

"నేనేమంటానంటే, కీ ఇచ్చి వెళ్ళడం చెప్పడం కాదు. అతను వెళ్తున్నట్టు గడియారాలకి తెలుస్తుంది. మనుషులకెలా తెలుస్తుంది? పొద్దున్నే లేచి గడియారం ఆడుతోందిలే, అతను ఉన్నాడులే అనుకుంటారు. అది మోసం. మంచివాడు చేసిన మోసం."

అట్టలత్తయ్య కొంగు కిందికి దించింది. ఇరవై మందిలో ఆ పిల్ల తనవైపు చూడనైనా లేదు. అయినా దాక్కున్న మనిషి ముఖం మీద వెలుతురు పడ్డట్టయింది.

గ్రంథపాలకురాలు నియమం మరిచిపోయింది. "నేనొకటి అడగొచ్చా? పుస్తకం మీద రాయడం తప్పు కదా?"

పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు. బాగోలేదే జవాబిచ్చాడు. "మేము పుస్తకం మీద రాయలేదు మేడమ్. పుస్తకం అయిపోయాక రాశాం."

"అయిపోయిందని ఎలా తెలుస్తుంది?"

"పేజీ అంకెలు ఆగిపోతాయిగా. తొంభై ఆరు దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత ఉన్నది పుస్తకం కాదు. మాది."

"ఆ తర్వాత కూడా అంకెలుంటే?"

"ఉంటే పుస్తకం అయిపోనట్టే."

గ్రంథపాలకురాలు లేచి, తన గదిలోకి వెళ్ళి, నల్ల అట్ట ఉన్న లావుపాటి నిబంధనల పుస్తకం తెచ్చింది. ఆ అట్ట వేసింది ఎవరో తలుపు దగ్గరి నుంచే గుర్తుపట్టవచ్చు. నిలబడే పుటలు తిప్పి, ఒక చోట వేలు పెట్టి, పైకి చదివింది: "'అచ్చయినను కాకున్నను, పుస్తకపు కుట్టులో చేరి, పుటసంఖ్య కలిగియున్న ప్రతి కాగితమును ఆ పుస్తకములో భాగముగనే ఎంచవలెను.'" తరువాత తలుపు వైపు చూసి అడిగింది, "అమ్మా, ఈ కాగితాలన్నీ కుట్టులోనే ఉన్నాయి కదా? ఒక్కటి కూడా జిగురుతో అంటించింది కాదు కదా?"

"ఒక్కటీ లేదు మేడమ్," అంది అట్టలత్తయ్య. గొంతు తను అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. "అన్నీ కుట్టినవే."

మేస్త్రి పద్ధతిలో అంటించి ఉంటే అవి విడి కాగితాలయ్యేవి. సహాయకురాలి తప్పు ఒక్కటే వాటిని పుస్తకంలో భాగం చేసింది. ఇక లేనిదల్లా అంకె. అంకె పడితే అవి పుస్తకం మీది రాతలు కావు, పుస్తకంలోని పేజీలే.

"అయితే అంకెలు వేద్దాం," అంది గ్రంథపాలకురాలు. "సిరాతో. నలభై మూడు పుస్తకాలు, ఒక్కోదానికి ఎనిమిది పేజీలు. ఎవరి చేతిరాత బాగుంటుంది?"

ఇరవై చేతులు లేచాయి. బాగోలేదు చెయ్యి కూడా లేచింది. వాడి రాత ఎవరికీ అర్థం కాదని అనుమానం అభ్యంతరం చెప్పింది. "అంకెలే కదా!" అన్నాడు వాడు.

మొదటిసారిగా అట్టలత్తయ్య తలుపు దాటి గది మధ్యకు వచ్చింది. "అంకె కింది మూలన పడాలి, బయటి అంచు వైపు. చిన్నగా. రాతల మీద పడకూడదు. ముందు ఆఖరి అచ్చు అంకె ఎంతో చూసుకుని, దాని తర్వాతది మొదలుపెట్టాలి. సిరా ఆరకుండా మూసినవాళ్ళకి నా చేతిలో అయిపోతుంది." తొంభై ఏడు, తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది: గదంతా గొణుగుడు. ఆమె వంగి వంగి ప్రతి భుజం మీదుగా చూసుకుంటూ తిరిగింది. ముప్ఫై ఒక్కేళ్ళుగా అంకెలున్న పేజీలను మాత్రమే వరుస పెట్టింది. అంకె లేని పేజీలను మాత్రమే చదివింది. ఆ రెండూ ఒకటవుతుంటే చూడాలనిపించి, కళ్ళజోడు తుడుచుకుంది.

గుమాస్తా చేతిలోని జాబితా మీద అడ్డంగా కొట్టివేత పడింది. గ్రంథపాలకురాలు పెద్ద రిజిస్టరు తెరిచి, ప్రతి పుస్తకం ఎదురుగా తన చేత్తో పుటల సంఖ్య సరిచేసింది: తొంభై ఆరు కూడిక ఎనిమిది. నూట పన్నెండు కూడిక ఎనిమిది. అయిదుకు పది నిమిషాలుండగా నలభై మూడోది అయింది. ట్రాలీలోని పుస్తకాలు అరల్లోకి వెళ్ళాయి.

"సోమవారం కొత్త అమ్మాయి చేరుతుంది," అంది గ్రంథపాలకురాలు నెమ్మదిగా, ఆమెకు మాత్రమే వినబడేలా. "ఈ కుట్టు ఆ అమ్మాయికి ఎవరు నేర్పుతారు?"

"ఒక పుస్తకం విప్పమనండి మేడమ్. అదే నేర్పుతుంది. నాకు మాత్రం ఎవరు నేర్పారు?"

అనుమానం గడియారాల పుస్తకాన్ని ఇంకా వదల్లేదు. కొత్తగా అంకె వేసిన పేజీ మీద తన మోసం మాట రాసి, కింద పదేళ్ళు అని వేసి, ఆరబెడుతోంది. ఉన్నట్టుండి తలెత్తింది.

"అత్తయ్యా, నాకో అనుమానం. మీరేమీ రాయలేదేం? ఇందులో మీది ఏది?"

"నేను చదవలేదమ్మా."

"ఇదా?"

"ఏదీ."

"ఇన్ని పుస్తకాలు పెట్టుకుని!" అన్నాడు బాగోలేదు, గాయపడ్డవాడిలా.

"చూస్తే చెయ్యి ఆగిపోతుందని చూడలేదు నాన్నా."

"ఇప్పుడు పనైపోయిందిగా," అంది అనుమానం. "ఆపితే ఏమవుతుంది?"

ఆమె గోడ గడియారం వైపు చూసింది. అయిదుకు నాలుగు నిమిషాలు. కీ ఇచ్చి వెళ్ళడం చెప్పడం కాదు. పిల్లల ముందు ఎప్పుడూ చేయని పని చేసింది: చిన్న కుర్చీ ఒకటి లాక్కుని వాళ్ళ మధ్య కూర్చుంది.

"ఒక మాట చెప్పాలి మీకు. సోమవారం నుంచి నేను రాను. నా ఉద్యోగం ఇవాళ్టితో అయిపోయింది. వేరే ఆవిడ వస్తుంది."

గుమాస్తా తయారుచేసుకున్న నాలుగు మాటలు గొంతులోనే ఉండిపోయాయి. అప్పుడు పదకొండేళ్ళ కుర్రాడు, కాళ్ళ వైపు చూసుకుంటూ, తన అభిప్రాయం చెప్పాడు.

"బాగోలేదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆమె వాడి తల మీద చెయ్యి వేసింది. తన గురించి ఎవరైనా మాట్లాడుతుంటే ఎటు చూడాలో ఆమెకు తెలిసింది: వాడి వైపే చూసింది.

అనుమానం గడియారాల పుస్తకాన్ని ఆమె ఒడిలో పెట్టింది. "ఇది తీసుకెళ్ళండి. చదివి రాయండి. పదిహేను రోజుల్లో తేవాలి, లేకపోతే మేడమ్ ఊరుకోరు."

"నాకు కార్డు లేదే."

"ముప్ఫై ఒక్కేళ్ళు పనిచేసి కార్డు లేదా!" అన్నాడు గుమాస్తా. అప్పటికే గ్రంథపాలకురాలు సొరుగు లాగి, మధ్యాహ్నం కింది గది నుంచి వచ్చిన కట్టలోంచి పైనున్న కార్డు తీసింది. ఆమె చేతికే ఇచ్చింది. అట్టలత్తయ్య దాని మీద తన పేరు రాసుకుంది. అక్షరాలు కుట్టులా, ఒకే దూరంలో పడ్డాయి.

"వెనక రాసేటప్పుడు మీరు కూడా వయసే వెయ్యాలి," అన్నాడు బాగోలేదు. "అరవై ఏళ్ళు అని వేస్తే, ఎవడో సున్నా ఎక్కువ పెట్టాడనుకుంటారు."

గ్రంథపాలకురాలు పుస్తకంలోంచి దాని సంఖ్య రాసిన చీటీని బయటికి తీసి, కొత్త కార్డు జేబులో దూర్చింది. అక్కడి పద్ధతి అదే. పుస్తకం పాఠకుడితో వెళుతుంది, కార్డు దాని చీటీతో సహా గ్రంథాలయంలో ఉంటుంది. పుస్తకం తిరిగి వచ్చినప్పుడే కార్డు బయటికి వస్తుంది.

అట్టలత్తయ్య కింది గదికి వెళ్ళి జిగురు గిన్నె కడిగి బోర్లించింది. సూదులను గుడ్డకు గుచ్చింది. తాళం గుమాస్తాకు అప్పగించింది. వెనుక ద్వారం ఉండగా, ముందు మెట్ల మీదుగా, పాఠకులు వెళ్ళే దారినే, పుస్తకాన్ని రొమ్ముకు ఆనించుకుని, నిటారుగా నడిచి వెళ్ళింది. రోడ్డు అవతల భర్త నిలబడి ఉన్నాడు. దూరం నుంచే ఆమె చేతిలోనిది చూసి, కండక్టరు మనిషి కనుక, టిక్కెట్టు చూసినవాడిలా తల ఊపాడు.

పై గదిలో దీపాలార్పారు. కిటికీలోంచి వచ్చే కాస్త వెలుతురు బల్ల మీది చెక్క పెట్టె మీద పడుతోంది. అందులో పదిహేను రోజుల తరువాతి తేదీ చీటీ వెనుక, మూలలు నలిగి మాసిపోయిన కార్డుల వరుసలో, ఒక్క కొత్త కార్డు నిటారుగా నిలబడి ఉంది. దాని జేబు అంచున జిగురు ఇంకా పూర్తిగా ఆరలేదు.